వయసు మచ్చలకు లేజర్: నెల్లూరు, ఒంగోలు ఎండల్లో తిరిగేవారికి ఒక మార్గదర్శి

నాకు నలభై ఆరేళ్లు నిండేనాటికి కుడి చెంప మీద మూడు మచ్చలు, రెండు చేతుల వెనక వైపు లెక్కపెట్టలేనన్ని చిన్న మచ్చలు వచ్చాయి. కోవూరు దాటాక మా రొయ్యల చెరువులున్నాయి. పదహారేళ్లు ఆ గట్ల మీద తిరిగిన ఫలితం అది. మా అమ్మాయి నిశ్చితార్థం మే నెలలో కుదిరింది. ఏప్రిల్‌లో ఒక చోటికి వెళ్లి, వెళ్లిన రోజే లేజర్ వేయించుకుని ఇంటికి వచ్చాను. మచ్చ ఏమిటో ఎవరూ దగ్గరగా చూడలేదు. ముందుగా చిన్న చోట వేసి చూడలేదు. పది రోజులకు పక్కులు ఊడి చెంప తేటగా కనిపిస్తే సంతోషపడ్డాను. నాలుగో వారంలో అదే చోట మునుపటికన్నా ముదురు మచ్చ, మునుపటికన్నా వెడల్పుగా తేలింది. నిశ్చితార్థం ఫోటోలన్నింటిలో అది ఉంది.

ఆ నలుపు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ తర్వాత ఒక నవంబరులో వేరే డాక్టరు దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, రెండు విడతల్లో చెంప మీది మచ్చలు పోగొట్టుకున్నాను. రెండు చోట్లా యంత్రం ఒకే రకానిది. లేజర్ వేయకముందు వాళ్లు చేసిన పనీ, వేశాక నేను పడిన జాగ్రత్తా వేరు. అందుకే ఈ వ్యాసంలో లేజర్ వేసే పదిహేను నిమిషాల కన్నా దానికి ముందూ వెనకా గడిచే నెలల గురించే ఎక్కువ ఉంటుంది.

మచ్చ పేరు తేలనిదే మంచం ఎక్కవద్దు

వయసు మచ్చలని పిలుస్తున్నా వీటికి అసలు కారణం ఎండ. డాక్టర్లు వీటిని సోలార్ లెంటిగో అంటారు. ఏళ్ల తరబడి పడిన అతినీలలోహిత కిరణాలకు చర్మం పై పొరలో రంగు తయారుచేసే కణాలు ఒక్కో చోట పెరిగి, రంగు అక్కడే పోగుపడుతుంది. అది బయటికి కనిపించేసరికి నలభై దాటుతుంది కాబట్టి వయసు పేరు వచ్చింది. మచ్చ చదునుగా ఉంటుంది, అంచు స్పష్టంగా ఉంటుంది. ఆవగింజంత నుంచి రూపాయి బిళ్లంత వరకు ఉండవచ్చు. కళ్లు మూసుకుని వేలితో తడిమితే మచ్చ ఎక్కడుందో తెలియదు. రవిక చేతి కింద ఉండే చర్మాన్నీ ముంజేతినీ పక్కపక్కన పెట్టి చూడండి. కప్పి ఉంచిన చోట ఇవి ఉండవు. చెన్నై, విజయవాడ రహదారి మీద ఏళ్లుగా బండ్లు నడిపేవారికి కుడి చెంప, కుడి చేయి ఎక్కువ మచ్చలు పడటం గమనించవచ్చు. పక్క అద్దంలో నుంచి యూవీఏ అనే రకం అతినీలలోహిత కిరణాలు లోపలికి వస్తాయి. అద్దం వేడిని కొంత ఆపుతుంది కానీ వాటిని పూర్తిగా ఆపదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మనం నల్ల మచ్చ అనేది ఒకటే మాట, చర్మం మీద మాత్రం అవి అరడజను రకాలు. రెండు చెంపల మీద, ముక్కు మీద, పై పెదవి మీద దేశపటంలా పరుచుకున్నది మంగు. గర్భం, హార్మోన్లు, ఎండ అన్నీ కలిసి దాన్ని తెస్తాయి. వయసు మచ్చను పోగొట్టే శక్తితో మంగు మీద లేజర్ వేస్తే అది రెచ్చిపోయి ముదురుతుంది. కళ్ల కింద, చెంపల మీద మిరియపు గింజల్లా పైకి లేచి ఉండే నల్లటి చిన్న కాయలు వేరే జాతి. వాటిని వేరే పద్ధతిలో తీస్తారు. మైనం అంటించినట్టు గరుకుగా ఉండేవి ఇంకో రకం. జుట్టుకు నల్ల రంగు వేసుకునేవారికి నుదుటి అంచున, కణతల దగ్గర, చెవుల ముందు బూడిద రంగు నలుపు వస్తే దానికి కారణం ఎండ కాకపోవచ్చు, ఆ రంగులోని రసాయనం కావచ్చు. కుంకుమ పెట్టుకునే చోట నలుపుకూ అలాంటి కారణమే ఉండవచ్చు. ఆ రంగు, ఆ కుంకుమ మానకుండా ఎన్ని లేజర్లు వేయించుకున్నా డబ్బు పోవడమే.

ఇంకొకటి మరీ ముఖ్యం. మన చర్మంలో మెలనోమా క్యాన్సర్ అరుదు. వచ్చినా అరికాలు, అరచేయి, గోళ్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. కానీ పెద్దవయసువారి ముఖం మీద నల్లగా మెరుస్తూ, మధ్యలో పుండు పడి మానని గడ్డ వేరే రకం చర్మ క్యాన్సర్ కావచ్చు. పైకి మచ్చలాగే ఉంటుంది. కొన్ని నెలల్లో పెరిగినది, రంగు ఒకే తీరుగా లేనిది, అంచు వంకర పోయినది, రక్తం చిమ్మేది, దురద పెట్టేది ఏదైనా సరే, ముక్క పరీక్షకు పంపకుండా లేజర్ వేయకూడదు. లేజర్ పైరంగు తీసేస్తే కింద ఉన్న జబ్బు కనిపించకుండా దాగిపోతుంది.

దీన్ని తేల్చేది చర్మ వైద్యులే. డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దంతో మచ్చను ఆనించి చూస్తారు. అవసరమైతే చీకటి గదిలో ఒక రకం నీలి కాంతి కింద చూసి రంగు ఎంత లోతున ఉందో అంచనా వేస్తారు. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడి చర్మవ్యాధుల ఓపీలో చూపించుకుంటే మచ్చ ఏమిటో తేలుతుంది. లేజర్ వేయించుకునే చోటు తర్వాత ఎంచుకోవచ్చు.

నిమ్మకాయ, మందుల షాపు క్రీము

పొదలకూరు, గూడూరు నిమ్మకాయల ప్రాంతం మనది. పెరట్లో చెట్టుంటే చెక్క తీసి మచ్చ మీద రుద్దడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. దయచేసి మానండి. నిమ్మ రసంలో, ముఖ్యంగా తొక్క నూనెలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గాయంలా ఎర్రబడి, బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి నల్ల చారలు మిగులుతాయి. కాయలు కోసేవారి చేతుల మీద, రసం కారిన దారిలో అలాంటి చారలు పడటానికి కారణం ఇదే. మచ్చ పోతుందని రుద్దినది ఇంకో మచ్చ తెస్తుంది.

క్రీముల సంగతి ఇంతకన్నా బాధాకరం. మందుల షాపులో ముఖం తెల్లబడటానికని అడిగితే ఇచ్చే గొట్టాల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి నెల ముఖం మెరుస్తుంది. వాడుతున్నకొద్దీ చర్మం పలచబడి, సన్నని ఎర్ర నరాలు తేలి, మానితే మంట, మొటిమలు వస్తాయి. స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చినా, చీటీ లేకుండా కొనేవారు ఇంకా ఉన్నారు. మా వదిన మూడేళ్లు వాడింది. అలాంటి చర్మం మీద లేజర్ వేస్తే ఏమవుతుందో ముందుగా చెప్పడం కష్టం. అందుకే డాక్టరు ముందు చర్మాన్ని కొన్ని నెలలు కుదుటపరుస్తారు. హైడ్రోక్వినోన్ ఉన్న క్రీమును ఏళ్ల తరబడి రాసుకున్నవారికి తిరగబడి నీలం కలిసిన నలుపు రావచ్చు. మీరు ఇప్పటిదాకా వాడిన ప్రతి గొట్టాన్నీ, ఖాళీదైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి. పేరు గుర్తులేదని చెప్పడం కన్నా అది మేలు.

లేజర్ చేసే పని

మచ్చలోని రంగు రేణువులు కాంతిని తాగుతాయి. చుట్టూ ఉన్న చర్మం కాలకముందే, అతి తక్కువ కాలంలో తగినంత శక్తి ఇస్తే ఆ రేణువులు మాత్రమే పగులుతాయి. 1983లో హార్వర్డ్‌కు చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ఈ సూత్రాన్ని వివరించారు. రంగు మచ్చలకు వాడే లేజర్లు ఎక్కువగా దాని మీదే నడుస్తున్నాయి. మనకు ఎక్కువగా వాడేది క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్. ఇది ఇచ్చే ఒక్కో దెబ్బ కొన్ని నానోసెకన్లే ఉంటుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. పికో లేజర్ అనేవి ఇంకా తక్కువ కాలంలో కొడతాయి. పగిలిన రంగు కొంత పక్కుతో పాటు ఊడిపోతుంది. మిగిలినదాన్ని శరీరమే మోసుకుపోతుంది.

ఈ యంత్రంలో పొడవు వేరువేరుగా ఉండే రెండు కాంతి తరంగాలు ఉంటాయి. 532 నానోమీటర్లది పై పొరలోనే ఆగి, రంగును బలంగా పట్టుకుంటుంది. వయసు మచ్చకు సాధారణంగా వాడేది అదే. 1064 లోతుకు దిగుతుంది, పై రంగును తక్కువగా తాకుతుంది. చిక్కు ఏమిటంటే, మన చర్మంలో మచ్చలోనే కాదు, మచ్చ పక్కన కూడా రంగు ఉంది. 1975లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా వైద్యుడు మొదలుపెట్టిన వర్గీకరణలో ఇప్పుడు చర్మాలు ఆరు రకాలు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. తెల్ల చర్మానికి సరిపోయే శక్తిని మనకు వాడితే పక్క చర్మం కూడా కాగి, ఆ మంటకు ప్రతిగా కొత్త రంగు పుడుతుంది. నాకు జరిగింది అదే. శక్తి ఇంకా మితిమీరితే రంగు పూర్తిగా పోయి తెల్ల మచ్చ మిగులుతుంది. బొల్లి అనుకుని నలుగురూ అడిగే ప్రశ్నలు నల్ల మచ్చ కన్నా ఎక్కువ నొప్పిస్తాయి.

కొన్ని చోట్ల ఐపీఎల్ అనే వెలుగు యంత్రాన్ని కూడా లేజర్ అనే చెబుతారు. అది అనేక తరంగాలు కలిసిన వెలుగు. ముదురు చర్మానికి దాన్ని వాడటంలో చాలా నేర్పు కావాలి. ద్రవ నత్రజనితో మచ్చను గడ్డకట్టించే పద్ధతి చౌకే కానీ, మన రంగుకు తెల్ల మచ్చ మిగిలే ప్రమాదం ఎక్కువ.

ఎవరి చేతికి అప్పగించాలి

బోర్డు మీద చర్మవ్యాధుల ఎండీ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ, ఆ శాఖలో డిప్లొమా గానీ ఉందో లేదో చూడండి. రాష్ట్ర వైద్య మండలి నమోదు సంఖ్య అడగండి. అడగడం అమర్యాద కాదు. లేజర్‌ను స్వయంగా డాక్టరు వేస్తారా, సహాయకులకు వదిలేస్తారా అన్నది కూడా తెలుసుకోండి. ముదురు రంగు చర్మానికి ఇంతకు ముందు ఎందరికి చేశారు, ఏ యంత్రంతో, ఏ తరంగంతో చేస్తారు అని అడిగితే అనుభవం ఉన్నవారు సంతోషంగా చెబుతారు. ఆరు విడతలకు ముందుగా డబ్బు కట్టమంటే ఒప్పుకోవద్దు. వయసు మచ్చకు సాధారణంగా ఒకటి నుంచి మూడు విడతలు చాలు. రుసుము మచ్చకా, విడతకా, తర్వాత చూపించుకోవడానికి విడిగా తీసుకుంటారా అన్నది కాగితం మీద రాయించుకోండి. సౌందర్య చికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు.

కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి వచ్చేవారు తక్కువ ధర ఉందని మరీ దూరపు ఊరు ఎంచుకోకండి. బొబ్బ లేస్తే మర్నాడు పొద్దున చూపించుకోగలగాలి.

డాక్టరుకు మీరు దాచకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గాయం మానిన చోట చర్మం గడ్డలా పెరిగే స్వభావం, పెదవి మీద పదేపదే వచ్చే జ్వరపు పొక్కులు, మధుమేహం, గర్భం. రక్తం పలచబడే మాత్రలు, రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు, డాక్సీసైక్లిన్, మొటిమలకు వాడిన ఐసోట్రెటినాయిన్. కీళ్లవాతానికి ఎప్పుడైనా బంగారు లవణాల ఇంజక్షన్లు తీసుకున్నవారు అది తప్పక చెప్పాలి, ఎందుకంటే ఈ రకం లేజర్ తగిలిన చోట వారి చర్మం నీలి బూడిద రంగుకు మారవచ్చు.

నెల చూసుకుని మొదలుపెట్టండి

నెల్లూరు దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒంగోలుకు మే మొదటి వారంలో వస్తాడు. ఆగస్టులో మళ్లీ ఒకసారి. నేను ఏప్రిల్‌లో వేయించుకున్నానంటే ఏడాది మొత్తంలో అతినీలలోహిత కిరణాలు అత్యంత తీవ్రంగా ఉండే వేళకు పచ్చి చర్మాన్ని అప్పగించానన్నమాట. రోహిణి కార్తె వేడికి మనం భయపడతాం కానీ చర్మానికి భయం వేడి ఒక్కటే కాదు. మబ్బు పట్టిన రోజున కూడా ఈ కిరణాలు చాలావరకు కిందికి వస్తాయి.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మనకు అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వానలు పడుతుంటాయి, బయటి పనీ కాస్త తగ్గుతుంది. పెళ్లి తేదీ ఉంటే వెనక్కి లెక్కపెట్టండి: పరీక్ష మచ్చకు, అంటే ముందుగా ఒక చిన్న మచ్చ మీద వేసి చూడటానికి, ఆరు వారాలు, మొదటి విడత తర్వాత ఎనిమిది, రెండో విడత తర్వాత ఇంకో ఎనిమిది. అయిదు నెలలు చేతిలో లేకపోతే ఆ పెళ్లికి మేకప్ వేసుకుని వెళ్లి, తర్వాత నిదానంగా మొదలుపెట్టండి. చర్మం ఎండకు కమిలి ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ వేయించుకోకండి.

పరీక్ష మచ్చ

చెవికి దగ్గరగా, జుట్టు కప్పే చోట ఉన్న ఒక్క చిన్న మచ్చ మీద మాత్రమే వేయించుకుని, కనీసం నాలుగు వారాలు, వీలైతే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. నల్లబడటం వెంటనే కనిపించదు, మూడో వారం తర్వాతే బయటపడుతుంది కాబట్టి వారం చూసి బాగుందనుకుంటే మోసపోతాం. రోజూ ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫోనుతో ఫోటో తీసుకున్నాను. ఆ వరుస చూసే మా డాక్టరు రెండోసారి శక్తి ఎంత పెట్టాలో నిర్ణయించారు. పరీక్ష మచ్చ వద్దు, ఈరోజే అంతా చేసేద్దామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది ఇదే.

లేజర్ వేసే రోజు

ఆ రోజుకు ముందు రెండు వారాలు బ్లీచింగ్, వాక్సింగ్, ఫేషియల్ వద్దు. రెటినాయిడ్ క్రీములు ఎప్పుడు ఆపాలో డాక్టరు చెబుతారు. ముఖం కడిగించి ఫోటోలు తీస్తారు. మచ్చలు ఎక్కువుంటే మొద్దుబారే క్రీము రాసి నలభై అయిదు నిమిషాల నుంచి గంట ఉంచుతారు. మూడు నాలుగు మచ్చలకైతే అదీ అక్కర్లేదు. మీ కళ్లకు కవచం, గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ తరంగానికి తగిన అద్దాలు తప్పనిసరి. అవి లేకుండా మొదలుపెడితే ఆపమనండి. చూపు పోయే ప్రమాదం ఉంది.

తాలింపులో ఆవాలు చిటపటలాడేటప్పుడు నూనె బొట్టు చింది చేతి మీద పడితే ఎలా ఉంటుందో ఒక్కో దెబ్బ అలా ఉంటుంది. దెబ్బ పడగానే మచ్చ తెల్లగా, బూడిద అద్దినట్టు మారుతుంది. శక్తి సరిపోయిందని డాక్టరుకు అదే గుర్తు. ఇరవై నిమిషాల్లో ఆ తెలుపు పోయి ఎర్రబడుతుంది. చల్లని గుడ్డ పెడతారు, అంతే. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఎండ పడని వైపు కూర్చుని, పైట గానీ దుపట్టా గానీ ముఖానికి అడ్డం పెట్టుకోండి.

పక్కు ఊడే దాకా

రెండో రోజుకు మచ్చ కాఫీ పొడి రంగుకు వచ్చి పక్కు కడుతుంది. అది చికిత్స పని చేసిందనడానికి గుర్తు, భయపడకండి. రోజుకు రెండు మూడు సార్లు పెట్రోలియం జెల్లీ పలచగా రాయాలి. ముఖం మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దాలి. గోరు తగలనివ్వకండి. ముఖం మీద ఏడు నుంచి పది రోజుల్లో అదే రాలుతుంది. ముందే పీకితే కింద మచ్చ గానీ గుంట గానీ మిగులుతుంది. పసుపు, సున్నిపిండి, ముల్తానీ మట్టి, మేకప్, ఇవేవీ పక్కు పోయేదాకా వద్దు. మైపాడు తీరానికి ఆ రెండు వారాలు వెళ్లకండి, ఇసుక కూడా కిరణాలను పైకి తిప్పికొడుతుంది.

నీటి బొబ్బలు, చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి, జ్వరం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

నాలుగో వారం, ఆ తర్వాత

పక్కు కింద నుంచి వచ్చే చర్మం లేత గులాబీ రంగులో ఉంటుంది. మూడు నుంచి ఆరు వారాల మధ్య అక్కడ నలుపు తేలితే కంగారుపడి ఇంకోసారి లేజర్ వేయించుకోకండి. మంట వల్ల పుట్టిన నలుపును మళ్లీ మంటతో ఆర్పలేము. సన్‌స్క్రీన్, డాక్టరు రాసిచ్చే క్రీము, ఓపిక కావాలి. మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

సన్‌స్క్రీన్ విషయంలో కొలత ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండిన గీతలు రెండు, ముఖానికీ మెడకూ కలిపి. అందులో సగం రాస్తే డబ్బా మీద రాసిన రక్షణ మనకు అందదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, యూవీఏను కూడా ఆపేది తీసుకోండి. ఐరన్ ఆక్సైడ్ కలిసి చర్మం రంగులో ఉండేవి మామూలు వెలుగును కూడా అడ్డుకుంటాయి కాబట్టి మన చర్మానికి మేలు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఉక్కపోతకు కారిపోతుంది కాబట్టి తీరం వైపు వాళ్లు ఇంకా ముందే రాసుకోవాలి. పది నుంచి నాలుగు దాకా చెరువు గట్టు పని నేను మనిషికి అప్పగించాను. అది కుదరనివారు అంచు వెడల్పుగా ఉన్న టోపీ, నిండు చేతుల చొక్కా, ముదురు రంగు చిక్కని నేత గుడ్డ వాడాలి. మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉన్న వేళ ఎండ తీవ్రంగా ఉందని లెక్క.

చేతుల వెనక మచ్చలు చెంప మీది వాటంత తేలిగ్గా లొంగవు. అక్కడ చర్మం మెల్లగా మానుతుంది, పక్కు రాలడానికి రెండు మూడు వారాలు పడుతుంది, గిన్నెలు తోమినప్పుడల్లా తడుస్తుంది. నేను ఎడమ చేతికి మాత్రమే చేయించుకున్నాను. సగానికి పైగా పోయాయి. కుడి చేతికి స్కూటరు నడిపేటప్పుడు గ్లవ్స్ వేసుకుని, రాత్రిపూట డాక్టరు రాసిచ్చిన క్రీము పూస్తూ నెట్టుకొస్తున్నాను. వచ్చే కార్తీకం వెళ్లాక దాని మీద కూడా ముందు ఒక్క మచ్చకు వేయించి చూస్తాను.